జాగ్రత్త: స్ప్రింగ్ ఫుట్‌బాల్ సీజన్ ప్యాకేజీలకి డబ్బంతా ముందే కట్టేయకండి

అమెరికాలో ఉన్న మనవాళ్లకి, ముఖ్యంగా డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ఈ హెచ్చరిక. స్ప్రింగ్ ఫుట్‌బాల్ అంటే, పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ అయిపోయాక వసంతంలో చిన్న లీగ్‌లు ఆడించే అమెరికన్ ఫుట్‌బాల్. “ఫౌండింగ్ మెంబర్” అనో “గ్రూప్ ప్యాకేజీ” అనో స్ప్రింగ్ ఫుట్‌బాల్ టికెట్ల కోసం ఎవరైనా ఫోన్ చేస్తే, మొత్తం డబ్బు ముందే కట్టేయకండి. ఆట బాగానే ఉంటుంది. పిల్లలతో వెళ్లడానికి ఎన్‌ఎఫ్‌ఎల్ కంటే చాలా చవక కూడా. గొడవంతా ముందే కట్టే డబ్బుతోనే.

మాకు జరిగింది ఇదీ. మా కాలనీలో కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి, మా ఊరి స్ప్రింగ్ టీం మ్యాచ్‌లకి తర్వాతి ఏడాది సీజన్ ప్యాకేజీ తీసుకున్నాం. నేరుగా టీం దగ్గర కాదు, గ్రూప్ టికెట్లు అమ్మే ఒక కంపెనీ దగ్గర. వివాదం ఇంకా నడుస్తోంది కాబట్టి దాని పేరు ఇక్కడ రాయను. ఫోన్లో మాట్లాడిన కుర్రాడు తేనె పూసినట్టు మాట్లాడాడు. ఈ లీగ్ నాలుగేళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోటీ అవుతుందట, ఇప్పుడు తీసుకుంటే ఆ సీట్లు ఎప్పటికీ మావేనట, రేటు పెరగదట. డబ్బంతా ఒకేసారి కడితే ఇంకాస్త డిస్కౌంట్. మాలో ఒకరి కార్డు మీద కట్టాం, మిగతా అందరం ఆయనకి జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే యాప్) పంపాం.

సీజన్ ఇంకా మొదలే కాలేదు, మా ఊరికి ఇక టీం ఉండదని లీగ్ ప్రకటించింది. రెండు వారాలకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: “మీ ప్యాకేజీ విలువ మీ ఖాతాలో క్రెడిట్‌గా భద్రంగా ఉంది.” ఆ భద్రం ఏమిటో కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాదిలోపు వాడుకోవాలి. ఇదే లీగ్‌లో వేరే ఊళ్ల మ్యాచ్‌లకి వాడుకోవచ్చు, అంటే విమానం ఎక్కాలి. ప్రాసెసింగ్ ఫీజు పోగా మిగిలిందే క్రెడిట్. ఇదేం న్యాయమని ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన జవాబు వింటే మీకూ ఒళ్లు మండుతుంది: “మ్యాచ్ రద్దయితేనే రిఫండ్ సార్. మీ మ్యాచ్‌లు రద్దు కాలేదు, అసలు షెడ్యూలే వేయలేదు కదా.” వేయని షెడ్యూల్‌కి మా దగ్గర డబ్బు మాత్రం తీసుకున్నారు!

ఇక ఆ కుర్రాడు చెప్పిన “ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోటీ” సంగతి. ఈ మాట కొత్తదేం కాదు, నలభై ఏళ్లుగా అమ్ముడవుతోంది.

1983లో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్ స్ప్రింగ్‌లో మొదలైంది. హెర్షెల్ వాకర్, జిమ్ కెల్లీ, స్టీవ్ యంగ్, రెజీ వైట్ లాంటి వాళ్లు ఆడిన లీగ్ అది, ఆటగాళ్ల లెక్కన చూస్తే తర్వాత వచ్చిన ఏదీ దాని దరిదాపుల్లోకి రాలేదు. డోనాల్డ్ ట్రంప్‌కి అందులో న్యూజెర్సీ జనరల్స్ టీం ఉండేది. స్ప్రింగ్ వదిలేసి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆడే సీజన్‌లోనే ఎదురెదురుగా ఆడదాం అని ఓనర్లు తీర్మానించారు, ఆ వాదనని గట్టిగా ముందుకు తోసింది ఆయనే. పక్కన కోర్టులో ఎన్‌ఎఫ్‌ఎల్ గుత్తాధిపత్యం మీద కేసు. 1986లో జ్యూరీ ఎన్‌ఎఫ్‌ఎల్‌ది తప్పే అంది, నష్టపరిహారం మాత్రం ఒక్క డాలర్. చట్టం ప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. లీగ్ మళ్లీ మైదానంలోకి దిగలేదు.

2001లో రెజ్లింగ్ వ్యాపారి విన్స్ మెక్‌మాన్, ఎన్‌బీసీ టీవీ కలిసి ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్ పెట్టారు. మొదటి రాత్రి టీవీ రేటింగులు అదిరిపోయాయి, తర్వాత జారుడుబండే. ఒక్క సీజన్‌తో సరి. 2019లో ఏఏఎఫ్ అనే ఇంకో లీగ్ ఫిబ్రవరి 9న మొదలై, పది వారాల సీజన్‌లో ఎనిమిది వారాలు ఆడి, ఏప్రిల్ 2న ఆగిపోయింది. ప్లేఆఫ్‌లు కూడా లేవు. అదే నెలలో చాప్టర్ 7 దివాలా, అంటే ఉన్నవి అమ్మేసి మూసేయడమే. 2020లో మెక్‌మాన్ మళ్లీ తెచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎల్ ఐదు వారాలకి కోవిడ్‌తో ఆగింది. దాన్ని దివాలా కోర్టులో సినిమా నటుడు డ్వేన్ జాన్సన్ బృందం కోటిన్నర డాలర్లకి కొంది. 2022లో ఫాక్స్ టీవీ అండతో యూఎస్‌ఎఫ్‌ఎల్ పేరు మళ్లీ వచ్చింది. తొలి ఏడాది లీగ్ దశ మ్యాచ్‌లన్నీ బర్మింగ్‌హామ్‌లోనే ఆడించారు. మిషిగన్ టీం అభిమాని తన సొంత టీంని టీవీలోనే చూసుకోవాలి. ఆ ఎక్స్‌ఎఫ్‌ఎల్, ఈ యూఎస్‌ఎఫ్‌ఎల్ కలిసి 2024లో యూఎఫ్‌ఎల్ అనే ఒక్క లీగ్ అయ్యాయి.

ఈ లెక్కలో టికెట్లు కొనేవాళ్లు చూడాల్సింది శాన్ ఆంటోనియోని. 1984, 85లో గన్‌స్లింగర్స్, 1991, 92లో రైడర్స్, 2019లో కమాండర్స్, 2023 నుంచి 2025 దాకా బ్రహ్మాస్. నాలుగు స్ప్రింగ్ టీంలు వచ్చాయి, నాలుగూ పోయాయి. ప్రతిసారీ జనం రాకే కాదు. కమాండర్స్ మొదటి మ్యాచ్‌కి అలమోడోమ్ స్టేడియంలో దాదాపు 28,000 మంది వచ్చారు. అంటే మీరు ఎంత అభిమానంగా వెళ్లినా మీ టీం ఉంటుందో పోతుందో తేల్చేది మీరు కాదు, పెట్టుబడి పెట్టినవాళ్లు. 2026 సీజన్‌కి ముందు యూఎఫ్‌ఎల్ ఒకేసారి శాన్ ఆంటోనియో, మెంఫిస్, మిషిగన్ టీంలని తీసేసి ఒర్లాండో, కొలంబస్, లూయివిల్‌లకి కొత్తవి ఇచ్చింది. ఆర్లింగ్టన్ రెనిగేడ్స్ పేరు డాలస్ రెనిగేడ్స్ అయింది, ఆట ఫ్రిస్కోలోని టొయోటా స్టేడియంకి మారింది. హ్యూస్టన్ టీంకి పేరూ మారింది, స్టేడియమూ మారింది. ఫ్రిస్కోలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, ఫోన్లు మీకే ఎక్కువ వస్తాయి.

పోటీ ఎందుకు కుదరదో డబ్బు చూస్తే తెలిసిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందాలు పదకొండేళ్లకి 100 బిలియన్ డాలర్లు దాటాయి. గ్రీన్ బే ప్యాకర్స్ బయటపెట్టే లెక్కల ప్రకారం, లీగ్ నుంచి ఒక్కో టీంకి ఏడాదికి వచ్చే వాటానే 40 కోట్ల డాలర్లకు పైన. 2024లో యూఎఫ్‌ఎల్ ఆటగాడికి వారానికి 5,500 డాలర్లు, అదీ పది వారాలు. అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త కుర్రాడి కనీస జీతం సీజన్‌కి 7,95,000 డాలర్లు. ఇంక ఎవడు ఆగుతాడు? యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో మెరిసిన కవాంటే టర్పిన్, కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ ఇద్దరూ డాలస్ కౌబాయ్స్‌కి వెళ్లిపోయారు. మిషిగన్ పాంథర్స్ తరఫున 64 గజాల దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొట్టిన కిక్కర్ జేక్ బేట్స్ డెట్రాయిట్ లయన్స్‌లో తేలాడు. ఆటగాళ్లకి ఇది మంచి దారే, నేను కాదనను. ఎక్స్‌ఎఫ్‌ఎల్ కనిపెట్టిన కిక్‌ఆఫ్ పద్ధతి లాంటిదే 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా తెచ్చుకుంది. మంచి ఆటగాడినీ, మంచి ఆలోచననీ పెద్ద లీగ్ పట్టుకుపోతుంది. అలాంటి దాన్ని పోటీ అనరు, నర్సరీ అంటారు.

మనకి క్రికెట్‌లో ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) గుర్తుండే ఉంటుంది. 2007లో మొదలైంది, హైదరాబాద్ హీరోస్‌కి అంబటి రాయుడు ఆడాడు. బీసీసీఐ ఆటగాళ్ల మీద నిషేధం పెట్టి, ఐపీఎల్ తెచ్చి దాన్ని రెండేళ్లలో ముగించింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఆ శ్రమ కూడా అక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

సెయింట్ లూయిస్ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, ఎన్‌ఎఫ్‌ఎల్ టీం రామ్స్ 2016లో లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోయాక ఆ ఊరు బ్యాటిల్‌హాక్స్‌ని నెత్తిన పెట్టుకుంది. 2024 తొలి హోం మ్యాచ్‌కి 40,000 పైచిలుకు జనం. కానీ ఆ టీం కూడా 2020లో ఆగి, 2023లో గానీ తిరిగి రాలేదు. సేల్స్‌వాళ్లు ఈ ఊరి ఫోటోలే అందరికీ చూపిస్తారు, మాకూ అవే చూపించారు.

వెళ్లాలనిపిస్తే హాయిగా వెళ్లండి, ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్ టికెట్ కొనుక్కోండి. సీజన్ మొత్తం కావాల్సిందే అనుకుంటే నేరుగా టీం దగ్గరే, వాయిదాల్లో, క్రెడిట్ కార్డు మీదే కట్టండి. జెల్, డెబిట్ వద్దు. కాగితంలో “టీం తరలిపోతే” అన్న మాట ఉందో లేదో వెతకండి, “మ్యాచ్ రద్దయితే” అన్నది సరిపోదని మాకు తెలిసొచ్చింది. గ్రూప్‌గా కొంటే ఎవరి వాటా వాళ్లు వాళ్ల కార్డు మీదే కట్టుకోండి. మేం జెల్‌లో పంపిన డబ్బుకి డిస్ప్యూట్ వేసే దారే లేదు, ఇప్పుడు భారమంతా ఆ ఒక్కాయన కార్డు మీదే పడింది. లీగ్ దివాలా తీస్తే తాకట్టు ఉన్న అప్పులవాళ్లు, లాయర్ల ఖర్చులు ముందు, టికెట్ కొన్నవాళ్లు వెనక వరసలో.

డిస్ప్యూట్ గడువు ఇంకో చిక్కు. చట్టం ప్రకారం, ఆ ఛార్జీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిన దగ్గర్నుంచి 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. శీతాకాలం ముందు కట్టిన డబ్బుకి మ్యాచ్‌లు మార్చి, ఏప్రిల్‌లో గానీ ఉండవు, అప్పటికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. కొన్ని బ్యాంకులు మ్యాచ్ తేదీ నుంచి లెక్కేస్తాయి, అడిగి చూడండి. ఇప్పటికే కట్టినవాళ్లు ఈ రాత్రే స్టేట్‌మెంట్ తీసి తేదీ చూసుకోండి. కంపెనీవాళ్లు “క్రెడిట్ తీసుకుంటాం” అన్న బటన్ నొక్కమని మెయిల్ పంపితే నొక్కకండి, నొక్కితే రిఫండ్ వదులుకున్నట్టే అని రాసి ఉంది అందులో.