ఉన్న క్రెడిట్ కార్డుకే పరిమితి పెంపా, కొత్త కార్డా?

లక్ష రూపాయల పరిమితిలో 60 వేలు వాడితే వినియోగం 60 శాతం. పరిమితి రెండు లక్షలైతే అదే ఖర్చు 30 శాతమే; మన అప్పుల చరిత్రను బట్టి వచ్చే సిబిల్ స్కోరుకు ఇది మేలు.

ఉన్న కార్డుకే పెంపు అడిగితే పాత ఖాతా చరిత్ర చెక్కుచెదరదు, మరో వార్షిక రుసుమూ ఉండదు. కాకపోతే బ్యాంకు ఒప్పుకోవాలి. జీతం పెరిగాక తాజా పే స్లిప్పు జతచేసి అడగడం మంచిది. బ్యాంకే పెంచుతానన్నా, రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం తప్పనిసరి.

కొత్త కార్డుతో మొత్తం పరిమితి ఒక్కసారిగా పెరగవచ్చు. కానీ ఆ దరఖాస్తు సిబిల్ నివేదికలో నమోదవుతుంది, ఖాతాల సగటు వయసూ తగ్గుతుంది. పైగా గుర్తుంచుకోవలసిన బిల్లు గడువు తేదీ మరొకటి! నాలాంటి మతిమరుపు మనిషికి మొదటి దారే నయం. త్వరలో ఇంటి రుణం తీసుకోవాలనుకుంటే కొత్త కార్డు జోలికి అసలు వెళ్లను.