మా ఊరి వాట్సాప్ వార్తల గ్రూపు: ఎనిమిదేళ్లు వాడాక నా మాట

మాది గద్వాల జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, జూరాల డ్యాంకు దిగువన. 2017లో మా ఊరి పిల్లలు వాట్సాప్‌లో వార్తల గ్రూపు పెట్టారు. మొదటి వారంలోనే నన్ను చేర్చారు, అప్పటి నుంచి రోజూ చూస్తున్నాను. పేపర్ మానలేదు, ఇంట్లో టీవీ కూడా ఉంది. అయినా మా ఇంటికి ఎక్కువ మేలు చేసింది గ్రూపే. ఎక్కువ టెన్షన్ పెట్టిందీ అదే.

ఒడ్డు రైతుకు వార్త అంటే ముందు నీళ్ల వార్త. మోటార్లు ఏటి అంచునే పెట్టుకుంటాం. డ్యాం గేట్లు ఎత్తితే పైపులతో సహా కొట్టుకుపోతాయి. గ్రూపు లేని రోజుల్లో నా ఐదు హెచ్‌పీ మోటారు అట్లాగే పోయింది. గేట్లు ఎత్తిన సంగతి మర్నాడు పేపర్లో చదివాను. అప్పటికి ఒడ్డున తాడు ముక్క ఒక్కటే మిగిలింది.

2019 ఆగస్టులో కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడు మాత్రం రాత్రి పది దాటాక గ్రూపులో వాయిస్ పడింది. డ్యాం దిక్కు పనికి పోయే మా ఊరి పిల్లవాడు, "పైనుంచి నీళ్లు శానా వస్తున్నయి, మోటార్లు తీసుకోండ్రి" అన్నాడు. ట్రాక్టర్ లైట్ల వెలుగులో, తాళ్లు కట్టి, తెల్లారేసరికి పదకొండు మోటార్లు పైకి లాగాం.

అదే గ్రూపులో మా ఊరి రిటైర్డ్ సారు ఒకాయన మాకు లెక్క నేర్పారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. జూరాల పూర్తిగా నిండితేనే 9.657 టీఎంసీలు. అంటే లక్ష క్యూసెక్కులు వస్తుంటే ఖాళీ డ్యాం కూడా రోజున్నర లోపే నిండుతుంది, ఆ తర్వాత వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. ఆ లెక్క తెలిశాక పేపర్ జిల్లా పేజీలో వచ్చే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు మాకు అర్థం కావడం మొదలైంది. పైన కర్ణాటకలో ఉన్న నారాయణపూర్ డ్యాం నుంచి ఎంత వదిలారో ముందు చూస్తాం ఇప్పుడు. ఆ నీళ్లు మా దాకా రావడానికి టైం పడుతుంది, ఆ టైమే మాకు దొరికేది.

ఇక చెడు. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆడియోలు వచ్చాయి. మా వాడకట్టులో మగవాళ్లు కట్టెలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. నేనూ రెండు రాత్రులు కూర్చున్నాను. మా అమ్మకు చదువు రాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ ఆడియో రెండుసార్లు విని, "ఎవరి గొంతు బిడ్డా ఇది? పిల్లకాయలు అంటుండు. మన దిక్కు పిల్లగాండ్లు అంటరు గదా. ఇది మన జాగ సంగతి కాదు" అంది. గ్రూపులో అంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నాం, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అవన్నీ పుకార్లని చెప్పించారు. ఆ జూలైలోనే వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఆ పని ముందే చేసి ఉంటే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి జనం కొట్టిన ఎంతమందికి దెబ్బలు తప్పేవో అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

తర్వాత ఒక ఏడు, డ్యాం గేట్లు ఎత్తిన పాత వీడియో ఒకటి ఈరోజుదే అని వచ్చింది. ఉరికి మోటార్లు పైకి లాగాం. రెండు రోజులు నీళ్లు లేక మిరప నారు వాడిపోయింది. ఆ రాత్రే గ్రూపులో గట్టిగా మాట్లాడుకుని కట్టుబాటు పెట్టుకున్నాం. నీళ్ల వార్త ఎవరు పెట్టినా సొంత గొంతుతోనే పెట్టాలి. పేరు, నిలబడ్డ జాగ, టైం చెప్పాలి. "నేను ఫలానా, డ్యాం కట్ట మీదున్న, పొద్దున ఆరున్నర" అని. వేరేచోటి నుంచి వచ్చిన వీడియో అయితే అడ్మిన్ తీసేస్తాడు. ఆ తర్వాత నీళ్ల విషయంలో మేం మోసపోలేదు. గొంతు కాబట్టి అమ్మలాంటి వాళ్లకూ నేరుగా అందుతుంది. నాకు ఈ గ్రూపులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వాడకంలో ఇబ్బందులు లేకపోలేదు. అప్పట్లో గ్రూపుకు 256 మందే పరిమితి కాబట్టి రెండో గ్రూపు పెట్టారు. ఒకదాంట్లో వచ్చిన వార్త ఇంకోదాంట్లో రాక గొడవలయ్యాయి. 2022లో పరిమితి 1,024కు పెరిగాక రెండూ కలిపేశారు. ఎన్నికలప్పుడు మాత్రం నేను మ్యూట్‌లో పెడతాను, తిట్లు చదవలేను.

పేపర్ మానకపోవడానికి కారణముంది. భూముల ప్రకటనలు, నోటిఫికేషన్లు, ధరలు కత్తిరించి దాచుకోవచ్చు, రేపు ఎవరైనా అడిగితే తీసి చూపించవచ్చు. కానీ మేం వేసుకునే పేపర్లో మా ఊరి పేరు యాక్సిడెంట్ అయితేనే కనబడుతుంది. రెండు నెలలు నల్లా రాకపోతే ఒక్క ముక్క రాలేదు. గ్రూపులో ఖాళీ బిందెల ఫొటో పెట్టి, తేదీ చెప్పి, నలుగురం అడిగాకే పంచాయతీలో కదలిక వచ్చింది.

ఒక్క లోటు మాత్రం ఇంకా తీరలేదు. గ్రూపులో ఆడవాళ్లు చాలా తక్కువ. పింఛన్ల సంగతులు, లోన్ల సంగతులు మహిళా సంఘాల గ్రూపుల్లోనే ముందు తెలుస్తాయి, మాకు వారం తర్వాత వస్తాయి. వాళ్లకేమో గేట్ల వార్త అందదు, ఏట్లో బట్టలు ఉతికేది వాళ్లే. సంఘం లీడర్లు ఇద్దరిని అడ్మిన్లుగా చేయమని నేనే అడిగాను. ఒకామె చేరింది. రెండో ఆమె ఫోన్ పగలంతా కొడుకు దగ్గరే ఉంటుంది.