పండుగ వేషమా, రోజూ వినిపించే ఇంటి మాటా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఒకే ప్రీస్కూల్ గదిలో తెలుగు, ఉర్దూ, మార్వాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు కలిసి కూర్చోవచ్చు. గుంటూరులో లంబాడీ పిల్లలూ ఉంటారు. ఈ తేడాలను టీచర్లు రెండు రకాలుగా పట్టించుకుంటారు.

ఒకటి పండుగల పద్ధతి. సంక్రాంతికి హరిదాసు వేషం, రంజాన్‌కి టోపీ, క్రిస్మస్‌కి నక్షత్రం. ఏర్పాటు తేలిక, ఫొటోలు బాగుంటాయి. కానీ వేషాల అద్దె తల్లిదండ్రుల మీద పడుతుంది. లంబాడీలంటే అద్దాల పావడాలే అన్న ముద్ర మిగతా పిల్లల్లో నాటుకుంటుంది.

రెండోది రోజువారీ పద్ధతి. బిడ్డ చేరిన మొదటి వారంలోనే తల్లితోనో నాయనమ్మతోనో పది నిమిషాలు కూర్చోవాలి. ఆకలి, నొప్పి, ఒకటికి వెళ్లాలి అనే మాటలను ఇంట్లో ఏమంటారు? ఏం తినరు? ఏ పాటకు నిద్రపోతుంది? జవాబులు తెలుగు లిపిలో చీటీ మీద రాసి ఆయమ్మకు చదివి వినిపించాలి. ఎక్కువగా తప్పేది ఇక్కడే: టీచరుకు తెలుస్తుంది, బాత్రూమ్‌కు తీసుకెళ్లే ఆయమ్మకు తెలీదు. ఉర్దూలో ‘పేషాబ్’ అంటే ఒకటికి అని ఆయమ్మకు అర్థంకాక బిడ్డ బట్టలు తడుపుకుంటే మొండితనమంటారు. అది చాలా అన్యాయం.

2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే మొగ్గు చూపింది. మేమూ రెండోదాన్నే ఎంచుకుంటాం. అయితే బిడ్డను అందరి ముందూ నిలబెట్టి ‘మీ భాషలో చెప్పు’ అనకూడదు. పండుగ చేస్తే, ఏం చేయాలో ఆ ఇంటివాళ్లనే ముందు అడగాలి.