సొంత యూనియనా, పెద్ద యూనియనా: సరిహద్దు స్ట్రింగర్లకు ఏది మేలు?

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు నుంచి విశాఖ, హైదరాబాదు డిజిటల్ ఛానెళ్లకు తెలుగులో వార్తలు పంపే స్ట్రింగర్లు, అంటే జీతం లేకుండా వార్తకు ఇంతని తీసుకునే కుర్రాళ్లు, ఈమధ్య కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: సంస్థలోనే ఏడుగురం కలిసి సొంత యూనియన్ రిజిస్టరు చేయించుకోవాలా, ఇప్పటికే ఉన్న రాష్ట్రస్థాయి జర్నలిస్టు యూనియన్‌లో చేరాలా? గత నెలలో నేను రెండోదానిలో సభ్యత్వం తీసుకున్నాను కనుక నా మొగ్గు ఎటో దాచవలసిన పనిలేదు.

సొంత యూనియన్‌కు ఉన్న బలం చిన్నది కాదు. ఐటెంకు ఇంతని ఇచ్చే లెక్క, నెలల తరబడి రాని బిల్లు, రాత్రి పదింటికి లైవ్ ఇమ్మని వచ్చే ఫోను, ఇవన్నీ పడినవాడికే తెలుస్తాయి. పెద్ద యూనియన్లలోని పెద్దలు పత్రికల నుంచి వచ్చినవారు. అక్రిడిటేషన్ల (ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు కార్డుల) మీద, ఇళ్లస్థలాల మీద వారికున్న శ్రద్ధ వీడియో ఎడిటరు జీతం మీద ఉండదు. నలభై యాభై మంది ఒకే హాల్లో కూర్చునే విశాఖ డెస్కువాళ్లయితే సొంత యూనియనే పెట్టుకోవాలని నేనూ అంటాను.

అయితే మన విషయంలో తేల్చవలసింది ఒక్కటే: యాజమాన్యం కోపం మొదట ఎవరిమీద పడుతుంది? రిజిస్ట్రేషన్ దరఖాస్తులో సంతకం చేసిన వారి పేర్లు, చిరునామాలు రాయాలి. సొంత యూనియన్ అయితే ఆ ఏడుగురూ ఆ యజమాని దగ్గర పనిచేసేవారే. స్ట్రింగర్‌ను తీసేయడానికి నోటీసు అక్కర్లేదు. నాకు తెలిసిన ఒకతను అలాంటి జాబితాలో పేరు రాయించిన వారానికి ‘లోగో పంపించేయండి’ అని ఫోను వచ్చింది. మైకుకు తొడిగే ఆ లోగోను పాత పేపర్లో చుట్టి, బస్టాండుకు తీసుకెళ్లి విశాఖ బస్సులో పార్సిల్ వేశాడు. మర్నాటికి అతని లాగిన్ పనిచేయలేదు. తీసేశారని చూపడానికి కాగితం ముక్క లేదు. అడిగితే, మీ అసలు వృత్తి ఫొటో స్టూడియో కదా అన్నారట. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో పనిచోట భద్రత, ఆరోగ్యాలకు సంబంధించినది డిజిటల్ మీడియాలో పార్ట్‌టైముగా పనిచేసేవారిని కూడా వర్కింగ్ జర్నలిస్టులుగానే చెప్పింది గానీ, జర్నలిజమే ‘ప్రధాన వృత్తి’ అయి ఉండాలన్న షరతు 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో ఉన్నట్టే ఇందులోనూ మిగిలింది.

పెద్ద యూనియన్ కార్యదర్శి లేబర్ ఆఫీసుకు వెళితే, ఆయన నుంచి వెనక్కి తీసుకోవడానికి యజమాని చేతిలో ఏ లోగో ఉండదు. సొంత యూనియన్‌లోనూ బయటివారిని కార్యవర్గంలోకి తీసుకోవచ్చు కానీ మూడోవంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతవరకే. ఏడుగురి కార్యవర్గంలో వారు ఇద్దరికి మించరు.

పెద్ద యూనియన్ ఉంటే సంస్థ మూతపడదని మాత్రం నేను చెప్పను. న్యూయార్క్‌లో డీఎన్ఏఇన్ఫో, గోథమిస్ట్ అనే స్థానిక వార్తల వెబ్‌సైట్ల ఉద్యోగులు 2017 అక్టోబరులో ‘రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా, ఈస్ట్’ అనే పెద్ద యూనియన్‌లో చేరాలని ఓటేస్తే, దాదాపు వారానికి, నవంబరు 2న, యజమాని జో రికెట్స్ ఆ సైట్లనే మూసేశాడు, 115 మంది ఉద్యోగాలు పోయాయి, వారిలో ఆ ఓటుతో సంబంధం లేని షికాగో వాళ్లూ ఉన్నారు. ఒక్క సంతకంతో మొత్తం మూసేయగల యజమాని ముందు రెండు దారులూ ఒకటే. మన యజమానులు మూసేయరు, ఒక్కొక్కరినే జారవిడుస్తారు. అందుకే బయటి మనిషి అవసరం ఇక్కడ ఎక్కువ.

వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టుకుందామనే వారు స్క్రీన్‌షాట్ మేనేజరుకు ఎంతసేపట్లో చేరుతుందో ఆలోచించుకోవాలి. ప్రెస్‌క్లబ్ బేరమాడే సంస్థ కాదు.

ఇక ఆంధ్ర యూనియనా, ఒడిశా యూనియనా అన్నది మిగిలింది. నేను పనిచేసేది రాయగడలో కనుక ఒడిశా యూనియన్‌లోనే చేరాను. ఒడియా నాకు మాట్లాడటం వచ్చు, అర్జీ రాయడం రాదు. ఇక్కడి లేబర్ ఆఫీసుకు ఇవ్వవలసిన అర్జీ రాసిపెట్టే మనిషి ఆ యూనియన్‌లో ఉన్నాడు.