ఇంటికొచ్చి రక్తం తీసే ల్యాబ్: 5కి 3 స్టార్లు

మా ఆయనకు 67 ఏళ్లు. పోయిన నెల ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఓ ల్యాబ్‌లో 999 రూపాయల ప్యాకేజీ బుక్ చేశాను. ఆరున్నరకి రమ్మంటే కుర్రాడు ఆరూ ఇరవైకే వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, కొత్త గ్లవ్స్ వేసుకున్నాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. నరమే దొరకలేదు. మూడోసారి గుచ్చి, సిరంజి గట్టిగా లాగి, అదే సూదిని ట్యూబు మూతలో దించి రక్తాన్ని బలంగా నొక్కాడు. "మెల్లగా బాబూ" అన్నాను. "ఏం కాదమ్మా" అన్నాడు.

సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. లివర్ పరీక్షల్లో ఒకటైన ఎస్‌జీఓటీ 94, పొటాషియం 5.9, రెండూ ఉండాల్సినదానికంటే ఎక్కువని ఎర్ర అక్షరాల్లో. జన్మలో మందు ముట్టని మనిషి, లివర్ పోయిందని టెన్షన్ పడిపోయారు. పక్కింటావిడ చెప్పిందని నేల ఉసిరి నూరించుకుని తాగడం మొదలుపెట్టారు.

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. రిపోర్టులో నా చూపు ఎస్‌జీపీటీ మీద ఆగింది. 27. జీజీటీ 22, బిలిరుబిన్ 0.7. ఇవీ లివర్ పరీక్షలే, మూడూ మామూలుగానే ఉన్నాయి. లివర్ దెబ్బతింటే ఎస్‌జీపీటీ ఇంత బుద్ధిగా కూర్చోవడం అరుదు.

ఈ రెండు ఎంజైములదీ ఒకటే వృత్తి. ఎస్‌జీఓటీ ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం నుంచి, ఎస్‌జీపీటీ అలనైన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమైనో సమూహాన్ని తీసి ఆల్ఫా కీటోగ్లుటరేట్ అనే అణువుకు అప్పగిస్తాయి. అప్పుడు ఆ అణువు గ్లుటమేట్ అవుతుంది. పేర్లలోని 'జీ' దాని గుర్తే. కాపురాలు మాత్రం వేరు. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌లో ఉంటుంది. ఎస్‌జీఓటీ లివర్‌తో పాటు గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఇది పెరుగుతుందని 1954లోనే కనిపెట్టారు. ట్రోపోనిన్ పరీక్ష వచ్చాక ఆ పనికి దీన్ని పక్కన పెట్టేశారు. పొటాషియం కూడా కణాల లోపలి సరుకే. సూదిలోంచి అంత జోరుగా తోస్తే ఎర్రకణాలు పగిలి రెండూ బయటికి రావూ?

కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "డాక్టర్‌ని కలవండి మేడమ్" అన్నారు. నాలుగోసారి పట్టుబట్టి ల్యాబ్ ఇన్‌ఛార్జితో మాట్లాడాను. "ట్యూబు తీసి చూడండి, సీరమ్ ఏ రంగులో ఉంది?" అని అడిగాను. చూసొచ్చాడు. "గులాబీ రంగులో ఉంది మేడమ్." సీరమ్ అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. అది ఎండుగడ్డిలా లేత పసుపు రంగులో ఉండాలి. ఎర్రకణాలు పగిలితే గులాబీ రంగుకి తిరుగుతుంది.

వాదించకుండా రెండు రోజుల తర్వాత ఉచితంగా మళ్లీ తీశారు. ఈసారి వచ్చిన పెద్దావిడ ఎడమచేతికి ఒక్కసారే గుచ్చింది. ఎస్‌జీఓటీ 25, పొటాషియం 4.4.

సమయపాలన, ధర, తప్పు ఒప్పుకున్న తీరు, వీటికి మూడు స్టార్లు. 'శాంపిల్ హీమోలైజ్ అయింది', అంటే ఎర్రకణాలు పగిలాయి అని మొదటి రిపోర్టులో ఒక్క ముక్క రాయనందుకు రెండు కోత. బుక్ చేసేవాళ్లు సీనియర్‌నే పంపమని ముందే అడగండి, పంపుతారు.

మా ఆయన మాత్రం తగ్గింది నేల ఉసిరి వల్లేనంటున్నారు.