పూల్ నీళ్లకు బ్లీచింగా, బిళ్లలా, హైపోనా: ఏది మేలు?

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పూల్ మీద మూడు ఫిర్యాదులు తప్పవు. నీళ్లు పాచి రంగుకు తిరిగాయి, మసకబారాయి, పిల్లల కళ్లు మండుతున్నాయి. మూడింటికీ చేసేది ఒకటే, ఇంకాస్త క్లోరిన్ వేయించడం. అది ఏ రూపంలో పడుతోందో మాత్రం ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే. బ్లీచింగ్ పౌడర్ వెంట సున్నం వస్తుంది, క్లోరిన్ బిళ్లల వెంట సయన్యూరిక్ యాసిడ్ వస్తుంది, హైపో అనే ద్రవ క్లోరిన్ వెంట కాస్త ఉప్పు వస్తుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, వెంట వచ్చింది నీళ్లలోనే ఉండిపోతుంది.

లెక్క కోసం 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న పూల్ తీసుకుందాం. 70 వేల లీటర్లు. క్లోరిన్ 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) పెరగాలంటే 70 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి.

బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ మూడో వంతుకు మించదు కాబట్టి 210 గ్రాములకు పైనే పోయాలి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, బావుల్లో వేసిన అలవాటు మనకు ఉంది. కానీ మన బోరు నీళ్లు ముందే కఠినం. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, సున్నం మిగులుతుంది. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే నింపుతాం. దానికి ఈ సున్నం తోడైతే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, ఫిల్టర్‌లో ఇసుక గడ్డకడుతుంది, నీళ్లు మసకగానే ఉంటాయి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) కూడా పెరుగుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా పనిచేస్తే, 8కి చేరేసరికి నాలుగో వంతే పనిచేస్తుంది. తప్పనిసరైతే బకెట్‌లో కలిపి, పేరుకోనిచ్చి, పైతేట మాత్రమే పోయండి.

టీసీసీఏ 90 బిళ్లలు, అంటే 90 శాతం క్లోరిన్ ఇచ్చేవి, వాడే పద్ధతి వేరు. 78 గ్రాములు చాలు. తేలే డబ్బాలో వేస్తే మెల్లగా కరుగుతాయి. వాటిలోని సయన్యూరిక్ యాసిడ్ ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. అది లేకపోతే మే నెల ఎండలో గంట తిరక్కముందే సగం క్లోరిన్ పోతుంది. అందుకే 30 నుంచి 50 పీపీఎం దాకా అది మేలే. చిక్కల్లా అది ఆవిరి కాదు, అరగదు. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ బిళ్లలతోనే ఇస్తే నెలకు దాదాపు 36 పీపీఎం సయన్యూరిక్ పేరుకుంటుంది. మూడు నెలల్లో 100 దాటుతుంది. అప్పుడు టెస్ట్ కిట్‌లో క్లోరిన్ నిండుగా కనిపిస్తుంది, గోడలకు పాచి మాత్రం పడుతూనే ఉంటుంది. ఎన్ని బిళ్లలు వేసినా లాభం లేదు, నీళ్లు వదిలేయాల్సిందే. సగం వదిలినా 35 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో ఇలా నీళ్లు పారబోయించే పద్ధతిని నేను సమర్థించలేను.

హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, తాజాగా ఉన్నప్పుడు 10 నుంచి 12 శాతం. మన పూల్‌కు 700 మిల్లీలీటర్ల లోపే సరిపోతుంది. సున్నం లేదు, సయన్యూరిక్ లేదు. దాని బలహీనత వేడి. రేకుల షెడ్డులో వారాల తరబడి ఉంచిన క్యాన్‌లో పేరుకే హైపో మిగులుతుంది. చవకగా వస్తోందని ఒకేసారి క్యాన్లు పేర్చుకోకుండా, రెండు వారాలకు సరిపడా తెచ్చి నీడలో పెట్టాలి.

నా ఓటు హైపోకే, ఒక్క సవరణతో. సీజన్ మొదట్లో సయన్యూరిక్ 30 చేరేదాకా బిళ్లలు వాడి ఆపేయండి. ఆ తర్వాత రోజూ పొద్దుగూకాక, పంపు నడుస్తుండగా హైపో పోయండి. బిళ్లలు బాగా పనికొచ్చేది వారాంతంలో తప్ప మనిషి ఉండని మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లకు. అక్కడా సయన్యూరిక్ పరీక్ష మానకూడదు.

ఇక ఫిర్యాదుల సంగతి. పాచి పడితే గోడలు బ్రష్‌తో రుద్ది, 7 లీటర్ల దాకా హైపో పోసి రాత్రంతా పంపు నడపాలి. తెల్లారేసరికి నీళ్లు బూడిదరంగుకు వస్తే పాచి చచ్చినట్టే, మిగతాది ఫిల్టర్ చూసుకుంటుంది. క్లోరిన్ 3 పీపీఎంకి దిగేదాకా ఎవరినీ దించకండి. అయితే నీళ్లు తేటగా ఉంటూనే ఆకుపచ్చగా కనిపిస్తే అది పాచి కాకపోవచ్చు, ఎవరో మైలుతుత్తం వేసి ఉంటారు. క్లోరిన్ వేయగానే టీ రంగు వస్తే బోరు నీళ్లలో ఇనుము ఉన్నట్టు. ఈ రెండింటికీ ఏ రకం క్లోరిన్ వేసినా ప్రయోజనం లేదు.

మసకబారితే ముందు ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ చూడండి. శుభ్రంగా ఉన్నప్పటికంటే 8-10 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లను ఎదురు దిశలో పంపి ఫిల్టర్ కడగాలి. తర్వాత పీహెచ్ చూడాలి. పటిక అన్నిటికన్నా చివర.

కళ్లు మండి, ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. చెమట, మూత్రంతో కలిసి చిక్కుకుపోయిన క్లోరిన్ చేసే పని అది. ఆ చిక్కుకున్నదానికి పది రెట్లు కొత్త క్లోరిన్ ఇస్తేనే అది విరుగుతుంది. దీనికీ హైపోయే నయం. స్నానం చేసి దిగే నియమం గట్టిగా పాటిస్తే ఈ ఫిర్యాదు సగానికి సగం రాదు.

పంప్ రూమ్‌లో పనిచేసే మనిషికి ఇది తప్పక చెప్పండి. బ్లీచింగ్ పౌడర్, బిళ్లలు ఒకే బకెట్‌లో, ఒకే డబ్బాలో కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. హైపోలో యాసిడ్ పడితే ప్రాణాలు తీసే విషవాయువు వస్తుంది. పీహెచ్ తగ్గించడానికి యాసిడ్, క్లోరిన్ కోసం హైపో పక్కపక్కనే పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని వేర్వేరు గదుల్లో ఉంచండి.

పైకప్పు కింద ఉన్న పూల్ అయితే ఎండ గొడవే లేదు కనుక బిళ్లలు మొదటి రోజు నుంచీ అక్కర్లేదు, హైపో ఒక్కటే చాలు.