ఆంగ్ల పరీక్షలో ఏది మేలు: బిట్లా, ఖాళీల పేరానా, సొంత మాటల జవాబా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఆంగ్లం బోధించేవారికి ప్రశ్నపత్రం తయారుచేసే పని పెద్దగా ఉండదని బయటివారు అనుకుంటారు. టర్ము చివర పెట్టే సమ్మెటివ్ పరీక్షల పత్రాలు, పదో తరగతి పబ్లిక్ పరీక్ష పత్రం పైనుంచి వస్తాయి కాబట్టి ఆ అభిప్రాయంలో కొంత నిజం లేకపోలేదు. కానీ పాఠం ముగిశాక పెట్టే స్లిప్ టెస్టు కూడా ప్రశ్నపత్రమే, దాని రూపం పూర్తిగా ఉపాధ్యాయుల చేతిలోనే ఉంటుంది. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు ఉన్న పిల్లలకు వ్యాకరణం ఎంత పట్టుబడింది, ఎప్పుడూ చూడని పేరా ఇస్తే చదివి అర్థం చేసుకోగలరా అనే రెండు సంగతులు తెలుసుకోవడానికి ఆ స్లిప్ టెస్టును ఏ పద్ధతిలో పెట్టడం మేలన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ రెండు సంగతులకూ ఒకే పద్ధతి సరిపోదని నా అభిప్రాయం.

బిట్లకు, అంటే ఇచ్చిన ఎంపికల్లోంచి జవాబు గుర్తించే ప్రశ్నలకు, ఉన్న మొదటి బలం దిద్దుబాటు సులువు. నలభై మంది ఉన్న తొమ్మిదో తరగతిలో ఇరవై బిట్లు ఇచ్చి, పక్కవారితో పుస్తకాలు మార్పించి, నల్లబల్ల మీద జవాబులు రాస్తే గంట కొట్టేలోపే మార్కులు చేతికి వస్తాయి. అదే తరగతి చేత ఐదు ప్రశ్నలకు సొంత జవాబులు రాయిస్తే ఆ కట్ట ఇంటికి మోసుకెళ్లక తప్పదు. పైగా ఎవరు దిద్దినా బిట్లకు వచ్చే మార్కు మారదు. అయితే నాలుగు ఎంపికలున్న ఇరవై బిట్లకు ప్రశ్న చదవకుండానే గుర్తులు పెట్టుకుంటూ పోయినా సగటున ఐదు మార్కులు వస్తాయి. ఇరవైకి ఏడు తెచ్చుకున్న పిల్లవాడికి నిజంగా ఎన్ని తెలుసో ఆ ఏడు మార్కులు చెప్పలేవు. నాలుగో ఎంపిక కూడా చాలాసార్లు ఎవరూ గుర్తించని చెత్త మాటే అవుతుంది. ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన మైకేల్ రోడ్రిగెజ్ 2005లో మూడు ఎంపికలే తగినవని తేల్చారు. బిట్లు పెట్టక తప్పనివారు నాలుగోదాని కోసం తల బద్దలు కొట్టుకోవలసిన పని లేదు.

వ్యాకరణం విషయంలో బిట్లకు ఇంతకన్నా లోతైన లోపం ఒకటి ఉంది. మన పిల్లల తప్పుల్లో చాలా భాగం తప్పుడు మాట వాడడం వల్ల కాదు, ఉండవలసిన మాట వదిలేయడం వల్ల వస్తుంది. తెలుగులో 'మా నాన్న రైతు' అంటే క్రియ లేకుండానే వాక్యం నిండుగా ఉంటుంది, కాబట్టి పిల్లవాడు 'మై ఫాదర్ ఫార్మర్' అని రాస్తాడు. 'ఎ', 'ద' లాంటి మాటలు మన భాషలో లేవు, కాబట్టి అవీ జారిపోతాయి. ఇదే అంశం మీద 'మై ఫాదర్ డ్యాష్ ఎ ఫార్మర్' అని బిట్ ఇచ్చి ఈజ్, ఆర్, యామ్ అని మూడు మాటలు చూపిస్తే, ఆ పిల్లవాడే తడుముకోకుండా సరైన జవాబు గుర్తిస్తాడు. అక్కడ ఏదో ఒక మాట రావాలని ఖాళీయే చెప్పేసింది కదా. మరునాడు ఉత్తరం రాయిస్తే మళ్లీ 'మై ఫాదర్ ఫార్మర్' అనే వస్తుంది. మార్కుల పట్టికలో మాత్రం అతనికి ఆ అంశం వచ్చినట్టే లెక్క.

వాక్య మార్పిడి ప్రశ్నల గురించి, ముఖ్యంగా యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చే వాటి గురించి, చెప్పడానికి ఎక్కువ లేదు. 'రామా కిల్డ్ రావణా' అన్న వాక్యాన్ని తిప్పి రాయని తరం మన ప్రాంతంలో లేదేమో. సూత్రం కంఠస్థమైన పిల్లలు దేన్నయినా తిప్పేస్తారు, 'ఐ హావ్ ఎ పెన్' అన్న వాక్యాన్ని కూడా 'ఎ పెన్ ఈజ్ హాడ్ బై మీ' అని తిప్పి ఇస్తారు. ఆ రూపం ఎప్పుడు అవసరమో, ఎందుకు అవసరమో ఈ ప్రశ్న అడగదు కాబట్టి వారూ ఆలోచించరు. రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరు అన్న మాటను మరొకరికి చెప్పడం, సంగతి కొంత వేరు. తెలుగులో 'అని' చేర్చి ఎదుటివారి మాటను దాదాపు ఉన్నదున్నట్టు అప్పజెప్పే వీలుంది, ఆంగ్లంలో సర్వనామం, కాలం, 'టుమారో' లాంటి మాటలు కూడా మారాలి. ఇది మన పిల్లలకు నిజంగా కష్టమైన చోటు కాబట్టి పరీక్షించదగినదే. కాకపోతే విడి వాక్యాలతో కాకుండా, ఇద్దరు స్నేహితులు ఫోన్లో మాట్లాడుకున్న నాలుగు మాటలు ఇచ్చి, వాటిని మూడో వ్యక్తికి చెబుతున్నట్టు రాయమంటే తెలిసినవారెవరో, బట్టీ పట్టినవారెవరో బయటపడుతుంది.

ఖాళీల పేరాకు, అంటే క్లోజ్ పద్ధతికి, చరిత్ర ఉంది. 1953లో విల్సన్ టేలర్ దీన్ని ప్రతిపాదించినప్పుడు ఆయన ఉద్దేశం పిల్లలను పరీక్షించడం కాదు, ఏ రాత చదవడానికి ఎంత సులువో కొలవడం. ఐదో మాటో ఏడో మాటో లెక్కపెట్టి తీసేసి, అసలు రచయిత వాడిన మాటే రాస్తే మార్కు ఇవ్వాలన్నది ఆ పాత రీతి. మన తరగతులకు ఈ రెండు నియమాలూ పనికిరావు. ఎన్నవ మాటను తీసేస్తామన్నది మారితే పరీక్ష కొలిచేదే మారిపోతుందని 1979లో చార్లెస్ ఆల్డర్సన్ చూపారు. లెక్కపెట్టి తీస్తే ఒక పేరాలో అన్నీ 'ద', 'ఆఫ్' లాంటివే పోవచ్చు, ఇంకో పేరాలో అన్నీ ఊళ్ల పేర్లే పోవచ్చు. ఇక రచయిత 'బిగ్' అన్నచోట పిల్లవాడు 'లార్జ్' అని రాస్తే సున్నా వేయడం అన్యాయం.

కాబట్టి ఖాళీలను మనమే ఎంచుకోవాలి. నూటఇరవై మాటల పేరాలో మొదటి వాక్యాన్ని, చివరి వాక్యాన్ని ముట్టుకోకుండా వదిలి, మధ్యలో పది ఖాళీలు పెట్టి, వాటిలో కొన్ని వ్యాకరణానికీ కొన్ని అర్థానికీ కేటాయిస్తే బిట్ల దగ్గర దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. ఉదాహరణకు 'స్వర్ణముఖి వాజ్ డ్రై దట్ ఇయర్' అన్న వాక్యం తరువాత ఖాళీ పెట్టి, 'ద ఫార్మర్స్ డిడ్ నాట్ సెల్ దేర్ కౌస్' అని రాయండి. అక్కడ 'సో' కాదు, 'బట్' రావాలని తెలియాలంటే రెండు వాక్యాలూ చదవాలి, ఏరు ఎండితే పశువులను అమ్ముకునే పరిస్థితి వస్తుందన్న సంగతిని కలుపుకోవాలి. ఒక్క చిన్న ఖాళీ ఇంత అడుగుతుంది. దీనికీ లోపం లేకపోలేదు. జవాబు తప్పయినప్పుడు పిల్లవాడికి రానిది వ్యాకరణమా, చదివినది అర్థం కాలేదా అన్నది ఖాళీని చూసి చెప్పలేం. మాటల చివరి సగం చెరిపేసే సీ టెస్ట్ అనే రకం 1981లో వచ్చింది. మన దగ్గర స్పెల్లింగు తడబాటే ఎక్కువ కాబట్టి అది మరీ గందరగోళపెడుతుందని నా అనుమానం.

బిట్లనే వాడాలనుకున్నా, వాటిని పేరాలో అమర్చవచ్చు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం పరీక్షలు తయారుచేసే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ పాఠశాలల పిల్లలను సిద్ధం చేయాలనుకున్న టోఫెల్ జూనియర్ అనే ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష ఇందుకు మంచి నమూనా. వినడం, భాషారూపం, చదవడం అనే మూడు భాగాల్లో ఒక్కోదానికి 42 చొప్పున అన్నీ నాలుగు ఎంపికల ప్రశ్నలే. అయినా అందులోని వ్యాకరణ ప్రశ్నలు విడి వాక్యాలుగా రావు, చిన్న ఉత్తరాల్లో, ప్రకటనల్లో కలిసి వస్తాయి. వారి పరీక్ష రాయించినా రాయించకపోయినా ఈ అమరికను అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వ్యాకరణానికి నేను అన్నిటికన్నా ముందు పెట్టేది తప్పులు దిద్దే పేరా. పబ్లిక్ పరీక్షలో కూడా ఇది ఉంటుంది గానీ, అక్కడ తప్పున్న చోట్లను చూపించి దిద్దమంటారు. చోటు చూపిస్తే అది మళ్లీ బిట్టే అవుతుంది. చోటు చూపకుండా, ఎనిమిది వరుసల్లో ఐదు తప్పులున్నాయని మాత్రం చెప్పి ఇవ్వాలి. అప్పుడు 'మై ఫాదర్ ఫార్మర్' అన్నది పిల్లవాడి కంటికి తప్పుగా కనిపించిందా లేదా అన్నది తేలిపోతుంది, మనకు కావలసిందీ అదే. పిల్లలు సరైన వాక్యాలను కూడా చెడగొడతారని కొందరు ఉపాధ్యాయులు దీనికి అభ్యంతరం చెబుతారు. చెడగొట్టనివ్వండి, ఏది చెడగొట్టారన్నది కూడా సమాచారమే. 'హి నోస్ తమిళ్' అన్న సరైన వాక్యాన్ని 'హి ఈజ్ నోయింగ్ తమిళ్' అని మార్చినవారు ఎంతమందో చూస్తే వచ్చే వారం ఏ పాఠం చెప్పాలో తెలిసిపోతుంది. కాకపోతే కొత్త తప్పు సృష్టించినందుకు మార్కు తీసేయకూడదు, తీసేస్తే భయంతో ఎవరూ కలం కదపరు.

ఇక పఠనం. ఇక్కడ మన వాడుక పద్ధతి పేరా కింద ఐదు ప్రశ్నలు ఇచ్చి ఆంగ్లంలో జవాబులు రాయించడం. పాఠ్యపుస్తకం నుంచి తీసిన పరిచిత గద్యమైతే అది జ్ఞాపకశక్తి పరీక్షే, గైడు చదివినవారికి పేరా చూడవలసిన అవసరం కూడా ఉండదు. అపరిచిత గద్యంతోనూ ఒక మోసం జరుగుతుంది. ఈ వాక్యం చూడండి: 'గుమిటి బల్లెను సొర్రిపై తిపిలించింది.' గుమిటి బల్లెను దేనిపై తిపిలించింది? సొర్రిపై. జవాబు సరైనదే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పూర్తి మార్కు వచ్చింది. మన పిల్లలు ఆంగ్ల పేరాలతో ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే: ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వరుసను ఎత్తి జవాబు పుస్తకంలో దించేస్తారు. ఆంగ్లంలోనే జవాబు రాయాలన్న నిబంధన ఈ ఎత్తిపోతను అడ్డుకోదు, ప్రోత్సహిస్తుంది. సొంతంగా వాక్యం అల్లితే తప్పులకు మార్కులు పోతాయి, ఎత్తి రాస్తే పోవు.

అందుకే స్లిప్ టెస్టులో పఠనానికి జవాబులను తెలుగులో రాయనివ్వాలని నేను అంటాను. ఆంగ్ల పరీక్షలో తెలుగు జవాబులేమిటని ప్రధానోపాధ్యాయులూ తల్లిదండ్రులూ అడుగుతారు. మనం కొలుస్తున్నది చదివిన దాని అర్థాన్ని, రాసే నేర్పును కొలవడానికి ఉత్తరాలు, సంభాషణలు వేరే ఉన్నాయి. తెలుగులో రాయమన్నప్పుడు పేరాలోని వరుస ఎత్తి దించడం కుదరదు, అర్థమైతేనే కలం కదులుతుంది. ఆంగ్లంలో ఒక్క వాక్యం సొంతంగా రాయలేని పిల్లలు కూడా పేరాను ఎంతో కొంత అందుకున్నారని ఇలా తెలిసినప్పుడు, వారికి చెప్పవలసిన పాఠమే మారిపోతుంది. దీనికి ఒక చిక్కుంది. నగరి, సత్యవేడు వైపు, కుప్పం చుట్టుపక్కల ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఉంటారు. వారికి తెలుగు రాత కూడా బడిలో నేర్చినదే. అలాంటివారి చేత నోటితో చెప్పించుకోవడం మేలు, రాతతో పని లేదు.

పేరా దేని గురించి అన్నది కూడా పద్ధతి అంత ముఖ్యం. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ బేస్‌బాల్ ఆట గురించిన ఒక వర్ణనను పిల్లల చేత చదివించినప్పుడు, ఆట తెలిసిన బలహీన పాఠకులు ఆట తెలియని మంచి పాఠకుల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. మంచు కురవడం గురించి పేరా ఇచ్చి పాకాల పిల్లలకు చదవడం రాదనడం ఈ లెక్కన పొరపాటు. అలాగని తిరుపతి లడ్డు గురించి పేరా ఇస్తే వేరే తంటా వస్తుంది, సగం ప్రశ్నలకు చదవకుండానే జవాబు చెప్పేస్తారు. 2009లో లడ్డుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వాక్యం పెట్టి సంవత్సరం అడిగితే, అంకె కోసం వెతకడమే తప్ప చదవడం ఉండదు. చంద్రగిరి కోట లాంటిది నాకు తగిన వస్తువుగా తోస్తుంది. కోట అందరూ చూసి ఉంటారు, 1639లో ఆంగ్లేయులకు మద్రాసు స్థలం ఇచ్చిన దానానికి చంద్రగిరి రాజులతో ఉన్న సంబంధం మాత్రం చాలామందికి కొత్త. ప్రశ్నలు తయారయ్యాక పేరా లేకుండా ప్రశ్నలు మాత్రమే పక్క సెక్షన్ పిల్లలకు ఇచ్చి చూస్తే, ఏవి తీసేయాలో వెంటనే తెలుస్తుంది.

గట్టిగా చదివించడాన్ని ప్రథమ్ సంస్థ 2005 నుంచి జరుపుతున్న, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో ఒక్కొక్కరి చేత అక్షరాలు, మాటలు, చిన్న వాక్యాలు చదివించి వాడుతోంది. ఎనిమిదో తరగతికి వచ్చినా మాటలు కూడబలుక్కునే పిల్లల విషయంలో ఇంతకు మించినది లేదు. అయితే నలభై మందికి తలా రెండు నిమిషాలన్నా ఎనభై నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు పోతాయి. గడగడా చదివేవారికి అర్థమయిందో లేదో అది చెప్పనూ చెప్పదు. జూన్‌లో ఒకసారి, అదీ అనుమానం ఉన్నవారికి మాత్రమే చాలు.

పదో తరగతికి సంక్రాంతి సెలవుల తరువాత లెక్క మారుతుంది. పబ్లిక్ పరీక్షలో వంద మార్కులకు 35 తెచ్చుకోవలసిన పిల్లల ముందు సొంత పద్ధతులు పట్టుకుని కూర్చోవడం వారికి చేసే మేలు కాదు. అప్పుడు వాయిస్ మార్పిడి వాక్యాలు, చోటు చూపిన తప్పులు, ఆంగ్లంలోనే రాసే జవాబులు వరుసగా చేయించవలసిందే. ఆ రెండు నెలల మార్కులను మాత్రం మార్కుల పుస్తకంలో వేరే పేజీలో రాసిపెట్టుకుంటాను. ఏ పిల్లవాడికి వ్యాకరణం ఎంత వచ్చో, ఎవరు ఎంత చదవగలరో ఎవరైనా అడిగితే డిసెంబరు వరకు ఉన్న పేజీలే తీసి చూపిస్తాను.